వెయ్యికి ఎన్ని దినార్లు

అమ్మ లెక్కల పుస్తకం నా దగ్గర ఉంది. మామూలు స్కూలు నోటుపుస్తకం. అట్ట ఊడిపోతే అవ్వ దానికి గోధుమరంగు కాగితం వేసి దబ్బనంతో కుట్టింది. మొదటి పద్దు 1986 నవంబరుది. పెన్సిలుతో, ఐదో తరగతి చదువు చేతిరాతతో ఇలా ఉంది: "వెయ్యికి 23 దినార్ల 200. పంపింది 1,500. అయింది 34 దినార్ల 800. కమీషను 1 దినారు."

అప్పుడు కువైట్‌లో ఇంటిపని చేస్తున్న అమ్మ జీతం నలభై దినార్లు. అంటే నెలంతా పనిచేసి తనకోసం మిగుల్చుకున్నది నాలుగు దినార్ల రెండు వందల ఫిల్సు (దినారుకు వెయ్యి ఫిల్సులు). సబ్బు, తలనూనె, ఉత్తరాలకు స్టాంపులు, మాకు గొంతు వినిపించడానికి మాట్లాడి పంపే క్యాసెట్లు అన్నీ ఆ నాలుగు దినార్లలోనే.

మాది కడప జిల్లా నందలూరు దగ్గర పల్లె. బొంబాయి రైలు మా ఊరి పక్కనుంచే పోతుంది. అందుకేనేమో కువైట్ మాకు బొంబాయి తర్వాత వచ్చే ఇంకో ఊరిలాగే అనిపించేది. నాకు పదేళ్లప్పుడు అమ్మ ఆ రైలెక్కింది. ఇప్పుడు నేను ఇంటర్మీడియట్ పిల్లలకు వాణిజ్యశాస్త్రం చెబుతున్నాను. విదేశీ మారకం పాఠం వచ్చినప్పుడల్లా పాఠ్యపుస్తకం పక్కన పెట్టి ఈ నోటుపుస్తకం తెరుస్తాను.

అమ్మ "వెయ్యికి 23" అని రాసుకోవడంలో ఒక విషయం ఉంది. మన పత్రికల్లో దినారుకు ఇన్ని రూపాయలు అని వేస్తారు. కువైట్‌లో డబ్బు పంపే దుకాణాల బోర్డు మీద మాత్రం వెయ్యి రూపాయలకు ఎన్ని దినార్లు అని ఉంటుంది. అక్కడ నిలబడిన మనిషి దినార్లతో రూపాయలు కొంటున్నాడు కాబట్టి అదే సహజం. ఉల్లిగడ్డలు కిలో ఎంత అన్నట్టు, రూపాయలు వెయ్యి ఎంత అని అడగడం. కాబట్టి అమ్మకు ఆ సంఖ్య తగ్గితే సంతోషం. 1986లో 23 దినార్లు పెట్టి కొన్న వెయ్యి రూపాయలు 1988లో 20 దినార్లకే వచ్చాయి. 1990 జులైలో పదహారు దినార్ల ఎనిమిది వందలకు వచ్చాయి. ఆ చివరి పద్దు పక్కన అమ్మ చిన్న చుక్క పెట్టుకుంది. ఎందుకని అడిగితే, "ఆ నెల మీ ఇద్దరికీ బట్టలకు ఎక్కువ పంపగలిగాను" అంది.

అమ్మ కొన్నది మన రూపాయినే, అది చౌకగా దొరుకుతున్నదని సంతోషించింది. ఈ మాట నాకు డిగ్రీ చదివేటప్పుడు అర్థమైంది. అప్పటినుంచి ఈ రెండు నాణేల చరిత్ర మీద నా మనసు పడింది.

మొదట నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఏమిటంటే, ఒకప్పుడు కువైట్‌లో చెలామణి అయిన డబ్బు మన రూపాయే. మారకం రేటు అనే ప్రశ్నే లేదు. బ్రిటిష్ వారి ప్రాపకంలో గల్ఫ్ తీరమంతా రూపాయిని వాడింది. మనకు స్వాతంత్ర్యం వచ్చాక కూడా అదే కొనసాగింది. ముత్యాల వ్యాపారి, ఖర్జూరం వ్యాపారి, పడవ నడిపేవాడు అందరూ లెక్క రూపాయల్లోనే చూసుకునేవారు.

దానికి గండి కొట్టింది బంగారం. మన దేశంలో బంగారం దిగుమతి మీద ఆంక్షలు ఉండేవి. గల్ఫ్‌లో ధర తక్కువ. దొంగచాటుగా బంగారం ఇటు వచ్చేది, దానికి చెల్లించిన రూపాయి నోట్లు అటు పోయేవి. అక్కడి బ్యాంకులు ఆ నోట్లను మూటకట్టి రిజర్వు బ్యాంకుకు పంపి, బదులుగా పౌండ్లు అడిగేవి. ఆ నోట్లు అక్కడి ప్రజల చేతి ఖర్చుకు పోయినవో, బంగారం కోసం పోయినవో తేల్చే దారి లేదు. చివరికి 1959లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి గల్ఫ్ కోసం ప్రత్యేక నోట్లు అచ్చువేశారు. రంగు మార్చారు, సంఖ్యకు ముందు జెడ్ అక్షరం పెట్టారు. అవి మన దేశంలో చెల్లవు. విలువ మాత్రం మన రూపాయితో సమానం.

కువైట్ ఆ ఏర్పాటులో ఎక్కువ కాలం లేదు. 1961 ఏప్రిల్ 1న సొంత దినారు తెచ్చుకుంది. అదే ఏడాది జూన్‌లో స్వతంత్ర దేశమైంది. ఒక దినారుకు ఇచ్చిన విలువ 13 రూపాయల 33 పైసలు. ఈ విచిత్రమైన సంఖ్య ఎక్కడిదని నేను చాలాకాలం అనుకున్నాను. సమాధానం పౌండులో ఉంది. అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు. మన రూపాయి విలువ పద్దెనిమిది పెన్నీలు అని 1920ల చివర్లో బ్రిటిష్ ప్రభుత్వం ఖాయం చేసింది. 240ని 18తో భాగిస్తే పదమూడు, ఒక మూడో వంతు. దినారును సరిగ్గా ఒక పౌండుకు సమానం చేశారు కాబట్టి దానికి పదమూడుంబావు దాటి ఆ చిల్లర వచ్చింది. ఈ భాగహారం నల్లబల్ల మీద చేసి చూపించినప్పుడు పిల్లల ముఖాలు వెలుగుతాయి. ఎక్కడో కూర్చుని ఎవరో చేసిన నిర్ణయం ఒక మామూలు లెక్కలో దొరికిపోవడం నాకూ ఇప్పటికీ బాగుంటుంది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి, ఎందుకంటే మా ఊళ్లో ఇది పెళ్లి సంబంధాల దాకా వెళ్లింది. కువైట్ దినారు ప్రపంచంలో అన్నిటికంటే ఖరీదైన నాణెం, కాబట్టి కువైట్ అన్నిటికంటే గొప్ప దేశం, అక్కడ సంపాదించేవాడు అన్నిటికంటే గొప్ప అల్లుడు. దినారు పెద్దదిగా ఉండటానికి మొదటి కారణం 1961లో వారు పెద్ద కొలమానం ఎంచుకోవడం. దాన్ని వెయ్యి ఫిల్సులుగా విడగొట్టారు. నాలుగేళ్ల తర్వాత బహ్రెయిన్ తన దినారుకు పది రూపాయల విలువ పెట్టుకుంది. పడిని ఎంత పెద్దదిగా చేయించుకున్నా అందులో పోసే గింజలు పెరగవు. జపాను యెన్ మన రూపాయికంటే చిన్నది, దాన్ని చూసి జపానును పేద దేశం అనుకునేవారు లేరు కదా. చూడవలసింది దినారు ఎంత పెద్దది అని కాదు, పదమూడు నుంచి ఎంత దూరం వచ్చింది, ఏ మెట్టు దగ్గర ఎందుకు ఎక్కింది అని.

మొదటి పెద్ద మెట్టు 1966 జూన్ 6. చైనాతో, పాకిస్థాన్‌తో యుద్ధాలు, కరవు, ఆగిపోయిన విదేశీ సహాయం. ఇందిరాగాంధీ ప్రభుత్వం డాలరుకు 4 రూపాయల 76 పైసలుగా ఉన్న రేటును ఒక్కసారిగా 7 రూపాయల 50 పైసలు చేసింది. దినారు అప్పుడు రెండు డాలర్ల ఎనభై సెంట్లు. గుణిస్తే ఇరవై ఒకటి. పదమూడుంబావు పైన ఉన్నది ఒక్క రాత్రిలో ఇరవై ఒకటి అయింది. గల్ఫ్ రూపాయినే ఇంకా వాడుతున్న చోట్ల జనం చేతిలోని డబ్బు కూడా దానితోపాటే తరిగిపోయేది. ఖతార్, దుబాయ్ లాంటివి వెంటనే దాన్ని వదిలేశాయి. ఒమన్‌లో మాత్రం 1970 దాకా నడిచింది. 1967 నవంబరులో బ్రిటన్ తన పౌండు విలువను కూడా తగ్గించుకుంది. దినారు దాని వెంట పోలేదు. పౌండుకు కవలగా పుట్టి ఆరేళ్లకే దానికంటే పెద్దదైంది.

డెబ్బైలలో ముడి నూనె ధరలు పెరిగాయి, దినారు డాలరు మీద కూడా బలపడింది. అమ్మ వెళ్లేనాటికి దినారుకు నలభై మూడు రూపాయలు. అంటే ఆమె నలభై దినార్ల జీతం మన లెక్కలో పదిహేడు వందల పైచిలుకు. అప్పట్లో ఎనిమిది గ్రాముల బంగారం ధర కూడా దాదాపు అంతే. నెలకు ఒక సవరం. ఊళ్లో అందరూ అనుకున్న లెక్క ఇదే, అమ్మను రైలెక్కించిన లెక్క కూడా ఇదే.

అప్పు లెక్క ఎవరూ పైకి అనలేదు. ఏజెంటుకు కట్టడానికి పన్నెండు వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీకి నాయన తెచ్చాడు. నెలకు మూడు వందల అరవై వడ్డీకే పోయేది. ఆ పన్నెండు వేలను దినార్లలో చూస్తే 1986లో 279. 1990లో రెండు వందలే. అంటే రూపాయి పడిపోతుంటే అప్పు కూడా దినార్లలో కరుగుతుంది. ఇది అమ్మలాంటి వారికి నిజమైన మేలే. కానీ రూపాయి ఏడాదికి ఏడెనిమిది శాతం పడుతుంటే వడ్డీ ముప్పై ఆరు శాతం పెరుగుతుంది. ఆ పరుగులో గెలిచింది వడ్డీ వ్యాపారే. అసలు తీరడానికి మాకు మూడున్నరేళ్లు పట్టింది.

తీరిన కొద్ది నెలలకే, 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది.

అమ్మ పనిచేసే ఇల్లు సాల్మియాలో. ఇంటివారు వేసవికి విదేశం వెళ్లి ఉన్నారు. ఇంట్లో అమ్మ, ఒక శ్రీలంక ఆమె మాత్రమే. రెండు నెలల జీతం రావలసి ఉంది, అది ఇక రాలేదు. దాచుకున్న ఎనభై ఐదు దినార్లను లోపావడా నాడా మడతలో కుట్టుకుంది. ఇరాక్ అధికారులు కువైట్ దినారు, ఇరాక్ దినారు సమానం అని ప్రకటించారు. బయటి బజారులో ఇరాక్ దినారు విలువ అందులో చాలా చిన్న వంతు. కొన్ని వారాలకు కువైట్ దినారు చెల్లదనే అన్నారు. ఆగస్టు 1న ఎనభై ఐదు దినార్లంటే అయిదు వేల రూపాయలు, సెప్టెంబరుకు వచ్చేసరికి ఎవరు ఎంత ఇస్తే అంత. బాగ్దాదు మీదుగా బస్సులో జోర్డాన్ సరిహద్దుకు, అక్కడ ఎడారిలో గుడారాల్లో పదకొండు రోజులు. రొట్టెకు, నీళ్లకు, బస్సుకు యాభై అయిదు దినార్లు కరిగిపోయాయి. అమ్మాన్ నుంచి మన విమానాలు లక్షా డెబ్బై వేల మంది దాకా భారతీయులను తెచ్చాయి. వారిలో అమ్మ ఒకతె. బొంబాయిలో దిగి, మళ్లీ అదే రైలెక్కి, నందలూరులో దిగేసరికి నాడా మడతలో ముప్పై దినార్లు ఉన్నాయి.

1991 మార్చిలో, విముక్తి తర్వాత, కువైట్ కొత్త నోట్లు తెచ్చి పాతవి రద్దు చేసింది. ఇరాక్ వారు కేంద్ర బ్యాంకునుంచి దోచుకుపోయిన నోట్లు చెలామణిలోకి రాకుండా చేయడానికి అంతకన్నా దారి లేదు. నేను ఆ నిర్ణయాన్ని తప్పుపట్టను. మార్చుకోవడానికి ఇచ్చిన కొద్ది వారాల గడువులో కువైట్ చేరగలిగిన పనిమనిషి మా జిల్లాలో నాకు తెలిసి లేదు. అమ్మ ముప్పై దినార్లు కాగితాలైపోయాయి.

ఆ దాడి అక్కడితో ఆగలేదు. నూనె ధర ఎగిరింది. గల్ఫ్‌నుంచి వచ్చే డబ్బు తగ్గింది. అప్పటికే బరువైన అప్పులతో ఉన్న మన దేశం దగ్గర విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే మిగిలింది. బంగారాన్ని లండనుకు పంపి కుదువపెట్టారు. పి.వి. నరసింహారావు ప్రధాని అయిన పది రోజులకు, 1991 జులై 1న, మళ్లీ 3న, రెండు విడతల్లో రూపాయి విలువ తగ్గించారు. డాలరు ఇరవై ఒకటి నుంచి ఇరవై ఆరు దరికి వచ్చింది. అమ్మ దినార్లను కాగితాలు చేసిన కారణమే, ఏడాది తిరగకుండా, మన రూపాయినీ కిందికి తోసింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పిన పాఠ్యపుస్తకం నేను చూడలేదు. మా ఇంట్లో మాత్రం ఆ రెండూ ఒకటే కథ.

అమ్మ 1992లో మళ్లీ వెళ్లింది. జీతం అదే నలభై దినార్లు. పుస్తకంలో ఆ ఏడాది మొదటి పద్దు: "వెయ్యికి 10 దినార్ల 300." రెండేళ్ల కిందట పదహారు దాటి ఉన్నది. అవే గిన్నెలు, అవే నేలలు, అదే జీతం. ఇంటికి చేరే రూపాయలు మాత్రం ఒకటిన్నర రెట్ల పైన. 1993 మార్చిలో ప్రభుత్వ రేటు, బజారు రేటు అని ఉన్న రెండు రకాల రేట్లను ప్రభుత్వం ఎత్తేసి రూపాయిని బజారుకు వదిలింది. దినారు నూరు రూపాయలు దాటింది. "వెయ్యికి 9 దినార్ల 600." హుండీ వాళ్ల, అంటే బ్యాంకుతో పనిలేకుండా చాటుగా డబ్బు చేరవేసేవాళ్ల, చేతికి డబ్బిచ్చే అవసరం కూడా అప్పటితో చాలావరకు తీరింది. అంతకుముందు బ్యాంకు రేటుకంటే హుండీలో ఎక్కువ వచ్చేది. ఒకసారి అలా పంపిన రెండు వేలు మాకు అందనే లేదు.

1997లో యుద్ధ నష్టపరిహారం వచ్చింది. ఇరాక్ నూనె అమ్మకాలనుంచి ఐక్యరాజ్యసమితి ఇప్పించిన డబ్బు. అమ్మకు రెండున్నర వేల డాలర్లు. రూపాయల్లో తొంభై వేలకు కొంచెం తక్కువ. ఆరేళ్ల ముందు వచ్చి ఉంటే అరవై అయిదు వేలు అయ్యేది. ఆలస్యం వల్ల లాభం వచ్చిందని మా చిన్నాయన అన్నాడు. ఆ ఆరేళ్లలో మా వీధిలో ఇంటి స్థలం ధర మూడింతలు అయింది, అందువల్ల నేను ఆ మాట ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

అమ్మ పుస్తకంలో సంఖ్య ఎప్పుడూ తగ్గుతూనే రాలేదు. 2007లో రూపాయి బలపడింది. డాలరు నలభై నాలుగు నుంచి ముప్పై తొమ్మిదికి దిగింది. వెయ్యికి ఆరున్నర దినార్లున్నది ఏడుకు పెరిగింది. ఆ ఏడాదే కువైట్ తన దినారుకు డాలరుతో వేసిన ముడిని విప్పి మళ్లీ కొన్ని దేశాల నాణేల బుట్టకు కట్టుకుంది. దినారు డాలరు మీద కొంత పెరిగినా రూపాయి అంతకంటే ఎక్కువ పెరిగింది. పత్రికలు రూపాయి జోరు అని రాశాయి. అరవై దినార్ల మీద అమ్మ ఇంటికి పంపే డబ్బు ఆరు వందల రూపాయల దాకా తగ్గింది. ఎవరూ జీతం కోయకుండానే. 2008లో అమ్మ తిరిగి వచ్చేసింది.

దినారుకు, రూపాయికి నేరుగా బజారు ఉన్నట్టు కనిపిస్తుంది గాని అసలు లెక్క డాలరు మీదుగా నడుస్తుంది. దినారును కువైట్ ప్రభుత్వం గట్టిగా పట్టుకుని ఉంటుంది. మూడు డాలర్ల పైన, కొంచెం అటూ ఇటూ. నలభై ఏళ్లుగా అంతే. కాబట్టి దినారు రేటు పెరిగిందన్న ప్రతిసారీ జరిగేది దాదాపు ఒకటే, డాలరు ముందు రూపాయి తగ్గడం. 2013 ఆగస్టులో మూడు నాలుగు నెలల్లోనే దినారు నూట తొంభై దరినుంచి రెండు వందల నలభైకి పోయింది. కువైట్‌లో ఏమీ మారలేదు. మా తమ్ముడు అప్పటికి అక్కడ డ్రైవరు. ఆ శుక్రవారం డబ్బు పంపే దుకాణం ముందు వరస వీధి మలుపు దాటిందని ఫోనులో చెప్పాడు. స్నేహితుల దగ్గర దినార్లు అప్పు తెచ్చి మరీ పంపినవారు ఉన్నారట.

ఇప్పుడు మా పక్క ఊరి అమ్మాయి ఒకతె అమ్మ చేసిన పనే చేస్తోంది. జీతం 120 దినార్లు, అమ్మ మొదటి జీతానికి మూడింతలు. రేటు ఆరింతలు. గుణిస్తే 2024 లెక్కన ముప్పై రెండు వేల పైన. అమ్మ పదిహేడు వందల పక్కన పెడితే ఎంతో పెద్ద సంఖ్య. దాన్ని ఆ ఏటి ధరకు సవరాల్లోకి మార్చాను. అర సవరం, దాని మీద కొంచెం. అమ్మకు సవరం వచ్చింది. బియ్యంలోకి మారిస్తే వేరే జవాబు వస్తుంది, అదీ చెప్పాలి. అప్పుడు మేం కిలో నాలుగు రూపాయలకు కొన్నాం, 2024లో యాభై. ఆ లెక్కలో ఈ అమ్మాయికి అమ్మకంటే సగం ఎక్కువే వస్తుంది. కానీ బియ్యం కోసం మా జిల్లా ఆడవాళ్లు కువైట్ వెళ్లలేదు. కూతురి పెళ్లికి, ఇంటికి, అప్పుకు వెళ్లారు. వాటి ధరలు బంగారం వెంట నడిచాయి. రేటు పెరిగింది, ఇప్పుడు వెళ్తే లాభమే అని ఎవరైనా చెబితే, మా అమ్మాయిలకు నేను ఈ రెండు కొలతలూ వేసి చూపిస్తాను. ఎన్ని సవరాలు, ఎన్ని బస్తాలు.

అమ్మకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. పాత దినారు నోట్లు రెండు ఆమె ట్రంకుపెట్టెలో ఉన్నాయి, మిగతావి ఏమయ్యాయో గుర్తులేదంటుంది. శుక్రవారం తమ్ముడు ఫోను చేస్తే మొదట అడిగేది మాత్రం రేటే. 2025లో ఒక శుక్రవారం, "రెండు వందల ఎనభై అమ్మా" అన్నాడు వాడు.

"అట్లా కాదు నాయనా, వెయ్యికి ఎంత?"

వాడు తడుముకున్నాడు. వాడి తరం ఫోనులో నుంచే పంపుతుంది, దినారుకు ఎంత అనే చూస్తుంది. నేను పక్కనే కూర్చుని భాగించి చెప్పాను: "మూడు దినార్ల ఐదు వందల డెబ్బై."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రాసిపెట్టు" అంది. నోటుపుస్తకం తెచ్చి, 2008 నాటి చివరి పద్దు కింద, పెన్సిలుతోనే రాశాను.